అత్తగారు ‘అయింది’ అనేదాకా

చచ్చిన ఓవెన్ ముందు, పొంగి తొట్టి దాటుతున్న పిండి పక్కన చిన్నకోడలిని నిలబెట్టి పోయిన వారం మనం మన దారిన వెళ్లిపోయాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పొద్దున లేచి స్విచ్చి వేస్తే ఓవెన్ ఉలకలేదు, పలకలేదు. చూస్తే సాయంత్రం ఆసుపత్రి వంటశాల నడిపే పెద్దావిడ వస్తానంది. రొట్టె కాలడం కళ్లారా చూసి, నచ్చితే రోగులందరికీ రోజూ ఈ బేకరీ నుంచే తెప్పిస్తానంది. ఆ ఒక్క మాట మీద కొట్టు నిలబడి ఉంది. అది తప్పిందంటే, బావగారు ఎప్పటినుంచో పోరుతున్నట్టు ఓవెన్ అమ్మేసి, కొట్టును సెల్‌ఫోన్ల వాళ్లకు అద్దెకివ్వడమే. ‘సాయంత్రం సంగతి చూసి తేల్చేద్దాం’ అని నిన్న భోజనాల దగ్గర అత్తగారే అన్నారు. చిన్నకోడలి మొగుడు వ్యాను వేసుకుని ఇంకొంత మైదా కోసం పొరుగూరు వెళ్లాడు. అంచేత తేల్చుకోవాల్సింది ఆమె ఒక్కతే.

మెకానిక్ వచ్చేసరికి ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆయన్ని వీధిలో అందరూ చూద్దాంగారు అంటారు. ఆ బిరుదు ఊరికే రాలేదు. బాగవుతుందా అంటే చూద్దాం అంటాడు, ఎంతసేపు పడుతుందంటే చూద్దాం అంటాడు. టీ తాగుతారా అంటే మాత్రం వెంటనే సరే అంటాడు.

సంచీ కింద పెట్టి, ఓవెన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు. “నిన్న ఆపేముందు ఏదైనా కాలిన వాసన వచ్చిందామ్మా? వైరు మాడినట్టు?”

“ఏ వాసనా రాలేదు” అన్నారు అత్తగారు. ఆవిడ మూల స్టూలు మీద కూర్చుని ఉన్నారు. అడిగింది కోడలిని.

“లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. కరెంటు ఉంది కదండీ, మరి దీనికేం రోగం?” అంది చిన్నకోడలు.

“లైటుకి ఒక లైను చాలమ్మా. దీనికి మూడు కావాలి. ఒకటి పోయినా అలుగుతుంది.” మీట వేసి, ఓవెన్ పక్కరేకుకు చెవి ఆనించాడు. “స్విచ్చి వేయగానే లోపల టక్కుమని చప్పుడు రావాలి. రోజూ వస్తుందా?”

“వస్తుంది. ఇవాళ రాలేదు.”

పక్కరేకు విప్పి టెస్టరు పెట్టి ఒక్కో లైనూ చూశాడు. రెండు చోట్ల టెస్టరు వెలిగింది, మూడోచోట వెలగలేదు. “చప్పుడు చేసే సామాను ఈ మూడోలైను మీదే బతుకుతుంది. అది పట్టుకుంటేనే మిగతా రెండూ లోపలికి వెళతాయి. అమ్మా, మీ ఓవెన్‌కి జబ్బేమీ లేదు. దానికి తిండి రావడం లేదు, అంతే.”

చిన్నకోడలికి పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం రావడానికి చూద్దాంగారు ఇంకో స్టూలెక్కాడు. మైదా బస్తాల పైన, గోడకు ఎత్తుగా, మామగారి కాలం నాటి చెక్క బోర్డు ఉంది. దాంట్లో వరసగా మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులు ఉండాలి. ఆయన మూత తీసి లోపలికి తొంగి చూశాడు.

“ఫ్యూజు కాలిందా?” అంది ఆమె.

“కాలితే నల్లగా ఉంటుంది. ఇక్కడ అసలు ఫ్యూజే లేదు. ఎవరో పట్టుకుని పీకేశారు.”

సరిగ్గా ఆ మాటకే బావగారు కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చారు. మనిషి పొడగరి, గుమ్మం దగ్గర తల వంచకుండా రాలేరు. బస్తాలు జరిపి, వాటి వెనకా కిందా చూద్దాంగారితోపాటు ఆయనా వెతికారు. చొక్కా అంతా పిండి అయింది కానీ ఫ్యూజు దొరకలేదు. తీగముక్క చుట్టి నడిపించకూడదా అని చిన్నకోడలు అడిగితే, ఇంత లోడుకు అలా చేస్తే రొట్టెతోపాటు కొంప కూడా కాలుతుందన్నాడు చూద్దాంగారు. ఆమె పొద్దున్నుంచీ పళ్ల బిగువున ఆపుకున్న మాట అప్పుడు జారింది.

“స్టూలెక్కకుండా ఆ బోర్డు అందేది ఈ ఇంట్లో మీకొక్కరికే బావగారూ.”

ఆయన గ్లాసు మీంచి చూశారు. “అంటే?”

“అంటే ఏముంది? కొట్టు మూయాలని ఎవరికుందో వాళ్లే తీసుంటారు. అడిగితే మూసేవాళ్లం కాదని, దొంగతనంగా.”

అత్తగారు మూల స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నారు. చీమ చిటుక్కుమన్నా ఒక మాట అనే మనిషి. పెద్దకొడుకుని దొంగ అంటే మాత్రం నేలకేసి చూస్తూ ఉండిపోయారు. చిన్నకోడలికి అప్పటికి అది తన పక్షాన నిలిచినట్టే అనిపించింది.

“మూసేద్దామని అన్నాను” అన్నారు బావగారు మెల్లగా. “నోటితో అన్నాను, నలుగురిలో అన్నాను. చేత్తో చేయాల్సి వస్తే అదీ నలుగురిలోనే చేస్తాను. పదండి చూద్దాంగారూ, బజారంతా తిరుగుదాం. ఎక్కడో ఒకటి దొరక్కపోదు.”

“ఇంత పాత రకం ఇప్పుడెవరు అమ్ముతారండీ?” అన్నాడు చూద్దాంగారు.

“చూద్దాం” అన్నారు బావగారు. కాఫీ సగం తాగిన గ్లాసు బల్ల మీద వదిలి వెళ్లిపోయారు.

తలనొప్పి అంటూ అత్తగారు వెనక గదిలోకి వెళ్లి పడుకున్నారు. చిన్నకోడలికి కూర్చుంటే కాలు నిలవలేదు, నిలబడితే మనసు నిలవలేదు. తొట్టిలో పిండి పొంగి, కుంగి, పులిసిన కంపు మొదలుపెట్టింది. దాన్ని పారబోసి కొత్తది కలపాలి. ఫ్యూజు వస్తుందో రాదో తెలియదు, వస్తే మాత్రం పిండి సిద్ధంగా ఉండాలి. మైదా పోసింది, ఈస్టు కలిపింది, ఉప్పు దగ్గర ఆగిపోయింది.

ఆ బేకరీలో రెండు పనులు అత్తగారివి. ఒకటి పిండిలో ఉప్పు వేయడం. రెండోది ‘అయింది’ అనడం. ఓవెన్ కొన్న రోజునే మామగారు దాని టైమరు మీట పట్టకారుతో పీకి అవతల పారేశారు. మా ఆవిడ ముక్కు ఉండగా ఈ గంట ఎవరికి కావాలి అన్నారట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో రొట్టె కాలిందో లేదో గడియారం చెప్పలేదు. అత్తగారు ఓవెన్ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు, గాలి ఒకసారి పీలుస్తారు, ‘అయింది, తీయండి’ అంటారు. ఆ మాట ఇంకెవరూ అనకూడదు. పెళ్లయి వచ్చిన కొత్తలో చిన్నకోడలు ఒకసారి నోరు జారి అంటే, అత్తగారు వారం రోజులు ఆమెతో ముక్తసరిగా మాట్లాడారు. ఉప్పుజాడీ సంగతీ అంతే. అది ఎవరూ ముట్టరు, తుడవడానికి కూడా అత్తగారే తుడుస్తారు.

ఆవిణ్ణి లేపుదామా అనుకుంది. పడుకున్న మనిషిని లేపడమెందుకని మూత తీసి చెయ్యి పెట్టింది. ఉప్పులో వేళ్లకు నున్నగా, చల్లగా ఏదో తగిలింది. పైకి తీసింది.

తెల్లటి పింగాణీ ఫ్యూజు.

ముందు కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. కాఫీ సగంలో వదిలేసి వెళ్లిన మనిషి కళ్లముందు మెదిలాడు. ఆ తర్వాత కోపం వచ్చింది, వచ్చి ఆమెను నేరుగా వెనక గదిలోకి తీసుకెళ్లింది.

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోతున్న మనిషి ఊపిరి కాదు అది.

“ఇది ఉప్పుజాడీలో దొరికింది అత్తయ్యా.”

“ఆ జాడీలో చెయ్యి పెట్టమని నీకెవరు చెప్పారు?” అన్నారు గోడతోనే.

“పొద్దున నేను బావగారిని దొంగ అన్నాను. మీరు అక్కడే కూర్చుని విన్నారు.”

అత్తగారు లేచి కూర్చున్నారు. జుట్టు ముడి వేసుకోవడానికి చేతులు ఎత్తి, వేసుకోకుండానే దించేశారు. “మొన్న ఒక ట్రే బన్నులు ఏమయ్యాయని అడిగావు, గుర్తుందా?”

“కుక్కలకు వేశానన్నారు.”

“కుక్కలు కూడా ముట్టలేదు. బొగ్గయ్యాయి. నేను వాటి ముందే నిలబడి ఉన్నాను, చేతులు కట్టుకుని. పొగ కళ్లల్లోకి వచ్చాక తెలిసింది.” ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెబుతున్నారు. “జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచీ ముక్కు లేదు. కాఫీ తాగితే వేడినీళ్లే. మీ మామయ్యగారి చొక్కా ఒకటి పెట్టెలో దాచుకున్నాను. ఎప్పుడు తీసినా పిండివాసన వేసేది. మొన్న తీస్తే అది కూడా ఉత్త గుడ్డముక్కే.”

చిన్నకోడలు నిలబడ్డదల్లా మంచం అంచున కూర్చుంది.

“మాతో చెప్పాలి కదా.”

“ఏమని చెప్పను? సాయంత్రం ఆవిడ రొట్టె చూడ్డానికి వస్తోందా? నా ముక్కు చూడ్డానికి వస్తోంది. ఊరంతా దాని గురించే చెప్పి ఉంటారు. ఓవెన్ చెడిపోయిందంటే ఓవెన్ పరువు పోతుంది. ఇవాళ్టికి గండం గడుస్తుంది, రేపటికి వాసన తిరిగొస్తుందేమో అనుకున్నాను. తెల్లారకముందే లేచి స్టూలెక్కి తీశాను.”

“పడితే నడుం విరిగేది.”

“విరిగితే ఇంకా బాగుండేది, ఓవెన్ ముందు నిలబడమని ఎవరూ అడగరు.” ఆవిడ ఫ్యూజును కొంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టారు. “బస్తాల వెనక దొరికిందని చెప్పు. పెద్దాడికి మాత్రం తెలియనివ్వకు. తెలిసిందా, రేపే తాళం వేస్తాడు.”

“మరి బావగారిని నేనన్న మాట?”

“వాడు నా కొడుకు. ఓర్చుకుంటాడు.”

ఆ మాటకు చిన్నకోడలికి ఒళ్లు మండింది. ఆవిడ మీద ఎంత ప్రేమ కలిగిందో అంత కోపమూ వచ్చింది. రెండింట్లో ఏది ముందు చూపించాలో తెలియక లేచి నిలబడింది. పిండిలో ఉప్పు పడాలి, అది పొంగాలి, పొద్దు వాలుతోంది, సాయంత్రం కాగానే ఆసుపత్రి ఆవిడ వచ్చేస్తుంది.

“లేవండి. పిండిలో ఉప్పు వేసి, ఓవెన్ ముందు రోజూలాగే నిలబడండి. వాసన నేను చూస్తాను. అయిందనిపించగానే కత్తితో ట్రే అంచుమీద ఒక్కసారి కొడతాను. మీరు అనాల్సిన మాట అనండి.”

అత్తగారు ఆమెను పైనుంచి కింది దాకా చూశారు. “నీకు తెలుస్తుందా?”

“ఇన్నేళ్లుగా మీరు అయింది అనేలోపు నేను మనసులో రోజూ అనుకుంటూనే ఉన్నాను.”

“ఏనాడూ పైకి అనలేదేం?”

“అననిచ్చారా?”

ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా నవ్వారంటే అప్పుడే, అదీ ఒక్క క్షణం.

మెయిన్ ఆపి, స్టూలెక్కి, పొడిగుడ్డతో ఉప్పు రవ్వ లేకుండా తుడిచి, చూద్దాంగారు చూపించిన ఖాళీలో ఫ్యూజును గట్టిగా నొక్కింది చిన్నకోడలు. కిందికి దిగి మెయిన్ వేసింది. ఓవెన్ స్విచ్చి వేసింది. లోపల టక్కుమంది. పాతికేళ్ల పెట్టె అది, ఆ చప్పుడు వినడానికి చెవి ఇంత తహతహలాడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

పిండి పొంగి సిద్ధమయ్యేసరికి ఆసుపత్రి పెద్దావిడ చెప్పిన వేళకే వచ్చింది. లావుపాటి మనిషి, ఒళ్లో సంచీ పెట్టుకుని బుద్ధిగా కుర్చీలో కూర్చుంది. టైమరు మీట లేని చోట మిగిలిన ఇనుప మొలక చూసి, “నిజమేనన్నమాట. మీరు గడియారం చూడరట కదా” అంది అత్తగారితో.

“దేనికండీ?” అన్నారు అత్తగారు. చేతులు కట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, తన చోటులో నిలబడ్డారు. ముఖంలో ఏమైనా తేడా కనిపిస్తుందేమోనని చిన్నకోడలు వెతికింది. కనిపించలేదు. ఈ మనిషి నాటకాల్లో చేరాల్సింది అనుకుంది.

ట్రే లోపలికి వెళ్లింది. మొదట తడిపిండి వాసన, తర్వాత ఈస్టు వాసన. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతో ఆమెకు భయం పట్టుకుంది. నాకూ పోయిందా ఏమిటి అనుకుని గబగబా చెయ్యి వాసన చూసుకుంది. ఉప్పు, మైదా. ఉంది, పోలేదు. అత్తగారు వెనక్కి తిరగలేదు కానీ, ఆవిడ వీపు మొత్తం కత్తి చప్పుడు కోసం కాచుకుని ఉంది.

అప్పుడు గుమ్మం దగ్గర తల వంచి బావగారు లోపలికి వచ్చారు. చేతిలో కాగితం పొట్లం, వెనక చెమటలు కక్కుతూ చూద్దాంగారు. బజారు మొత్తం గాలించి పాత సామాను కొట్టులో ఒకటి పట్టుకొచ్చారు. వెలుగుతున్న ఎర్రదీపాన్నీ, వేడెక్కిన ఓవెన్‌నూ చూసి ఆగిపోయారు.

“దొరికిందా?”

“దొరికింది బావగారూ. బస్తాల వెనక పడిపోయింది.”

అబద్ధం ఆడుతున్నప్పుడు ఆయన చొక్కా మీద ఇంకా అంటుకుని ఉన్న పిండి ఆమెకు కనిపించింది. ఆయన పొట్లం బల్ల మీద పెట్టారు. “బస్తాల వెనక” అని మెల్లగా తనలో తాను అనుకున్నట్టు అన్నారు, అంతే.

సరిగ్గా అప్పుడు వచ్చింది వాసన. పైపెచ్చు ఎర్రబడి లోపల ఆవిరి ఆరుతున్నప్పుడు వచ్చే కమ్మటి వాసన. ఇంకొంచెం ఆగితే మాడుతుంది. బావగారు చూస్తున్నారు. కొడితే ఈ అబద్ధంలో తానూ పాలుపంచుకున్నట్టే. కొట్టకపోతే కొట్టు పోతుంది, అత్తగారి పరువూ పోతుంది. కత్తి ట్రే అంచుకు తగిలింది.

“అయింది, తీయండి” అన్నారు అత్తగారు.

రొట్టెలు బంగారంలా వచ్చాయి. పెద్దావిడ ఒకటి తుంచి, ఊది, నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. “ఇంకొక్క ట్రే కూడా చూసి మాట ఇచ్చేస్తాను. ఇక్కడ ఉడికిపోతున్నాను, ముందు ఫ్యాను కింద కూర్చుంటా” అని రొట్టె పట్టుకుని తెర దాటి కౌంటరు వైపు వెళ్లింది. టీ తాగుతారా అని ఎవరూ అడగకపోయినా చూద్దాంగారు సరే అనుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. చిన్నకోడలు రెండో ట్రే లోపల పెట్టి తలుపు మూసింది. అత్తగారు కుళాయి దగ్గర వాళ్లకు వీపు చేసి చేతులు కడుక్కుంటున్నారు. ఆవిడ భుజాలు పొద్దున్నుంచి మొదటిసారి కిందికి దిగాయి.

బావగారు ఓవెన్ వైపు చూడటం లేదు. బల్ల మీది కత్తిని చూస్తున్నారు.

“పొద్దున నువ్వు నన్నొక మాట అన్నావమ్మా” అన్నారు గొంతు తగ్గించి. “నేను తిరిగి ఏమీ అనలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఆ కత్తి ఎందుకు మోగించావు?”

“చెయ్యి తగిలింది బావగారూ.”

“నేను ఈ ఇంట్లో పుట్టి పెరిగాను. అమ్మ గాలి పీల్చకుండా అయింది అనడం ఇవాళే చూశాను.”

చిన్నకోడలికి చెప్పెయ్యాలనీ ఉంది, కాళ్ల మీద పడాలనీ ఉంది. రెండూ చేయకముందే ఆయన చెయ్యి చాచి కత్తి అందుకున్నారు. వద్దన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కొట్టింది గట్టిగా కూడా కాదు, ఖాళీ ట్రే అంచు మీద ఒక్కసారి.

“అయింది, తీయండి” అన్నారు అత్తగారు, వెనక్కి తిరక్కుండానే, ఊరంతా ఎరిగిన ఆ గొంతుతో.

ఓవెన్ అద్దంలోంచి పిండిముద్దలు తెల్లగా, పచ్చిగా కనిపిస్తున్నాయి. బావగారి ముఖంలో గెలిచిన కళ లేదు. కత్తిని తిరిగి బల్ల మీద పెట్టడానికి ఆయనకు చోటు దొరకలేదు. కుళాయి కింద అత్తగారి చేతులు ఆగిపోయాయి, నీళ్లు మాత్రం పోతూనే ఉన్నాయి.

కౌంటరు వైపు తెర పక్కకు జరిగింది. సగం తిన్న రొట్టె చేతిలో పట్టుకుని పెద్దావిడ లోపలికి తొంగి చూసింది.

“అప్పుడే అయిందా? ఇప్పుడేగా పెట్టారు” అంది.